ఒక్క రోజులో హంపి: ఎండను బట్టి దారి

హంపిలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతమే 41 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అందులో గుళ్లు, మండపాలు, కోనేళ్లు, కోటగోడలు అన్నీ కలిపి 1,600కు పైగా కట్టడాలు మిగిలాయి. వీటన్నిటినీ ఒక్క రోజులో చూడడం ఎవరి వల్లా కాదు. అయితే ముఖ్యమైనవన్నీ తీరిగ్గా, కాళ్లు కూలబడకుండా చూడడం ఒక్క రోజులో కచ్చితంగా అవుతుంది. దానికి ఏది ఎంత గొప్పదన్న లెక్క కంటే ఏది ఏ పూట చూడాలన్న లెక్క ముఖ్యం. హంపిలో రోజును తినేసేవి రెండే. ఒకటి పదిన్నర తర్వాత బండరాళ్ల మీంచి లేచే వేడి. రెండోది వచ్చిన దారినే వెనక్కి నడవడం. ఈ రెండూ తప్పేలా దారి వేసుకుంటే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

ఊరి అమరిక ముందు మనసులో పడాలి. తుంగభద్ర దక్షిణపు ఒడ్డు వెంట గుళ్లున్న భాగం ఒకటి. పడమట విరూపాక్షుడి గుడి, తూర్పున విఠలుడి గుడి, నది పక్కగా నడిస్తే వీటి మధ్య దూరం సుమారు 2 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి దక్షిణంగా, కమలాపురం ఊరి వైపు, రాజప్రాసాదాల భాగం ఉంటుంది: మహానవమి దిబ్బ, హజార రామాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాల. ఈ రెంటినీ కలిపే రోడ్డు పక్కన కృష్ణాలయం, లక్ష్మీనరసింహుడు, నేలమట్టానికి దిగువనున్న శివాలయం వస్తాయి. అంటే విరూపాక్షుడి దగ్గర మొదలుపెట్టి, నది వెంట విఠలాలయానికి వెళ్లి, అక్కణ్ణుంచి బండిలో కమలాపురం వైపు దిగి, సాయంత్రానికి రోడ్డు మీది గుళ్లు చూస్తూ మళ్లీ విరూపాక్షుడి పక్కనే ఉన్న హేమకూటం గుట్ట ఎక్కితే చుట్టు పూర్తవుతుంది. ఎక్కడా చూసిన చోటికి మళ్లీ రానక్కర్లేదు.

ముందు రోజే తేల్చుకోవాల్సినవి

హంపికి దగ్గరి రైల్వే స్టేషన్ హొసపేట, 13 కిలోమీటర్లు. ఆంధ్ర వైపు నుంచి నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ హొసపేటలో ఆగుతుంది. రాత్రి హొసపేటలోనో కమలాపురంలోనో పడుకుని తెల్లవారుజామునే బయల్దేరితేనే ఈ ప్రణాళిక పూర్తిగా నడుస్తుంది. హొసపేట బస్టాండు నుంచి హంపికి పగలంతా బస్సులుంటాయి. ప్రయాణం అరగంట పైచిలుకు.

శుక్రవారం వెళ్లకుండా ఉంటే మంచిది. కమలాపురం పురావస్తు మ్యూజియానికి ఆ రోజు సెలవు. మధ్యాహ్నపు ఎండలో తలదాచుకోవడానికి దాన్ని మించిన చోటు లేదు కాబట్టి ఆ ఒక్క సెలవు మొత్తం రోజు మీద దెబ్బ కొడుతుంది. ఆదివారాలు, పండగలు, హంపి ఉత్సవం రోజులు కూడా ఒక్క రోజు మాత్రమే ఉన్నవాళ్లకు అనుకూలం కావు. విఠలాలయం దగ్గర బ్యాటరీ బండ్ల వరసలోనే గంట పోతుంది. నెలల విషయానికొస్తే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయి. మార్చి మధ్య నుంచి మే దాకా ఎండ భరించలేనిది. జులై నుంచి సెప్టెంబరు దాకా కొండలన్నీ పచ్చబడి ఎంతో అందంగా ఉంటాయి గానీ, ఎగువనున్న తుంగభద్ర జలాశయం గేట్లు ఎత్తితే నది పక్క దారి మునుగుతుంది. దానికి మరో దారి ఉంది, కింద చెప్తాం.

ఆటో కావాలా, సైకిల్ కావాలా అన్నది చాలామంది అక్కడికి వెళ్లాక ఆలోచిస్తారు. ఒక్క రోజుకైతే రోజంతటికీ మాట్లాడుకున్న ఆటోయే సరైనది. సైకిలు మీద చూడడం బావుంటుంది, కాకపోతే పై చుట్టులో సైకిల్ని విరూపాక్షుడి దగ్గర వదిలి విఠలాలయానికి నడిస్తే మళ్లీ దానికోసం వెనక్కి రావాలి. సొంత కారుతో వచ్చేవాళ్లకూ ఇదే ఇబ్బంది. డ్రైవరు వేరే ఉంటే ఆయన్ని విఠలాలయం పార్కింగుకు రమ్మనవచ్చు. మీరే నడుపుకుంటూ వస్తే నది నడక మానేసి కారులోనే విఠలాలయం వైపు చుట్టి వెళ్లడం నయం.

ఆటో మాట్లాడేటప్పుడు “హంపి అంతా చూపిస్తారా” అని అడగొద్దు. చూడాల్సిన చోట్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, పొద్దున ఎన్నింటికి మొదలు, సాయంత్రం ఎన్నింటికి వదిలేది, మధ్యాహ్నం ఎక్కడ ఆగేది, అన్నీ కలిపి ఎంత అన్నది తేల్చుకోండి. ముఖ్యంగా రెండు మాటలు ముందే స్పష్టం చేయాలి: తొమ్మిదిన్నరకల్లా విఠలాలయం పార్కింగులో ఉండాలని ఒకటి, సాయంత్రం హేమకూటం దిగేదాకా ఆగాలని రెండోది. రెండోది చెప్పకపోతే నాలుగున్నరకే తొందర మొదలవుతుంది. రాయలసీమ పక్కనే కాబట్టి ఆటోవాళ్లలో, గైడ్లలో తెలుగు వచ్చినవాళ్లు సులువుగానే దొరుకుతారు. గైడు కావాలంటే పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూపించమని అడగండి. రోజంతా అక్కర్లేదు. విరూపాక్షుడి గుడికి, హజార రామాలయానికి గైడు ఉంటే ఎంతో ఉపయోగం. దిబ్బకు, ఏనుగుల శాలకు లేకపోయినా నష్టం లేదు.

సంచిలో ఏముండాలి

మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు. గొడుగు లేదా వెడల్పు అంచు టోపీ. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లో, ఓఆర్‌ఎస్ పొట్లమో. సాయంత్రానికి చిన్న టార్చి. ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనిది ఒక జత మందపాటి సాక్సులు. పూజలు జరిగే గుళ్లలో చెప్పులు విప్పాలి. పదింటికే రాతి చపటా అరికాళ్లు మండిస్తుంది, అదే మధ్యాహ్నమైతే బొబ్బలెక్కుతాయి. పిల్లలు ఏడ్చేది నడకకు కాదు, ఈ మంటకు. చెప్పులు కూడా సులువుగా విప్పి తొడుక్కునేవే అయినా అడుగు నున్నగా అరిగిపోయినవి వద్దు. హంపి బండలు వందల ఏళ్ల నడకకు నునుపు తేలాయి. పొడిగా ఉన్నా జారతాయి.

పళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పట్టుకుని నడవకండి. విరూపాక్షుడి గుడిలోనూ గుట్టల మీదా కోతులు చేతిలోని కవరు లాక్కుపోతాయి. తినేవన్నీ సంచి లోపల, జిప్పు వేసి ఉండాలి. చిల్లర, చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి.

పొద్దున ఆరున్నర: విరూపాక్షుడు

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో. ఆ వేళకు గుడి ఎదుటి రథబీదిలో ఉండండి. సూర్యోదయం చూడడానికి మాతంగ పర్వతం ఎక్కాలని చాలామంది అనుకుంటారు. హంపిలో అన్నిటికంటే ఎత్తయిన గుట్ట అదే, పైనుంచి కనిపించేది నిజంగా గొప్ప దృశ్యమే. కానీ చీకట్లో ఎక్కడం, దిగడం కలిపి రెండు గంటలు, మోకాళ్లకు గట్టి పని. ఒక్క రోజే ఉన్నవాళ్లు పొద్దున మాతంగమో, సాయంత్రం హేమకూటమో ఏదో ఒకటే ఎంచుకోవాలి. మా సలహా హేమకూటానికే.

విజయనగరం పుట్టకముందే ఉన్న క్షేత్రమిది. 1565లో రక్కసతంగడి (తళ్లికోట) యుద్ధం తర్వాత నగరం పాడుబడినా ఇక్కడ పూజ ఆగలేదు. తూర్పు గోపురం ఎత్తు సుమారు 50 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. లోపల రంగమండపం కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా కట్టించినది. 1510 నాటి శాసనం ఆ సంగతి చెప్తుంది. మండపంలో తలెత్తకుండా వెళ్లిపోతే సగం పోగొట్టుకున్నట్టే. పైకప్పు మీద రంగుల చిత్రాలున్నాయి: గిరిజా కల్యాణం, అర్జునుడి మత్స్యయంత్రం, పల్లకీలో విద్యారణ్యుల ఊరేగింపు. పొద్దుటి వెలుతురు పక్కల నుంచి పడుతుంది కాబట్టి ఆ వేళ ఫ్లాష్ లేకుండానే బాగా కనిపిస్తాయి.

గర్భాలయం వెనక, మెట్లు ఎక్కిన చోట చిన్న చీకటి గది ఉంది. గోడకున్న చిన్న సందులోంచి వెలుతురు వచ్చి, ఎదుటి గోడ మీద తూర్పు గోపురం బొమ్మ తలకిందులుగా పడుతుంది. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుంది గనక గోపురం పైభాగం నుంచి వచ్చేది సందు దాటి కిందికీ, కిందినుంచి వచ్చేది పైకీ పోతాయి. మబ్బు పట్టిన రోజున బొమ్మ వెలవెలబోతుంది. లోపలికి వెళ్లగానే కనబడలేదని వెనుదిరగొద్దు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. తలుపు దగ్గర నిలబడినవాళ్లు వెలుతురుకు అడ్డం తప్పుకోవాలి.

ఇదంతా గంటలో అవుతుంది. తర్వాత టిఫిన్ ఇక్కడే చేసేయండి. విఠలాలయం దారిలో కొబ్బరిబోండాం, సోడా లాంటివి తప్ప కడుపు నిండేది దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ఎనిమిది: నది వెంట నడక

రథబీది తూర్పు చివర ఏకశిలా నంది ఉంటుంది. ఆ వీధికి రెండు పక్కలా ఉన్న రాతి మండపాల వరసలే ఒకప్పటి అంగళ్లు. చివరికి చేరేముందు ఎడమకు, నది వైపు దిగే బాట పట్టుకుంటే కోదండరామాలయం, చక్రతీర్థం వస్తాయి. ఇక్కడ నది బండల మధ్య మలుపు తిరుగుతుంది. పుట్టి ఎక్కాలనుకునేవాళ్లకు ఇదే చోటు. ఎక్కేముందు దూరం, ధర రెండూ మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తాయి గానీ బండల కింద సుళ్లుంటాయి. ఈతకు దిగకూడదు.

కోదండరామాలయం దాటాక కుడిచేతి వైపు పొడవాటి పాడుబడ్డ అంగడివీధి కనిపిస్తుంది. దాని చివర, కొండల నడుమ, అచ్యుతరాయల ఆలయం ఉంది. 1534 నాటిది. రథబీదిలోనూ విఠలాలయంలోనూ ఉండే జనం ఇక్కడ ఉండరు. కాళ్లలో ఓపిక ఉంటే ఇరవై నిమిషాలు కేటాయించండి. హంపి ఒకప్పుడు ఎలాంటి ఊరో ఊహకు అందేది ఈ ఖాళీ వీధిలోనే.

వానాకాలంలో నదిబాట మునిగితే ఈ గుడే దారి అవుతుంది. నంది వెనక రాతిమెట్లు ఎక్కి అటు దిగితే నేరుగా అచ్యుతరాయల గుడికి చేరతారు. అక్కణ్ణుంచి అంగడివీధి వెంట ఉత్తరంగా నడిస్తే ముందున్న బాటలో కలుస్తారు. జలాశయం నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో నది ఒడ్డునున్న పురందరదాసు మండపం మునిగిపోతుంది. బాట మీదికి నీళ్లొచ్చాయంటే దాటే ప్రయత్నం చేయొద్దు.

విఠలాలయానికి కాస్త ముందు, రెండు రాతి స్తంభాల మీద అడ్డంగా రాతిదూలం నిలిపిన తులాభారం వస్తుంది. పర్వదినాల్లో రాజులు బంగారంతోనో, రత్నాలతోనో తూగి పంచిపెట్టేవారని చెప్పుకునే చోటు. అడ్డదూలం అడుగున తక్కెడ వేలాడదీసే కొక్కాల కోసం చెక్కిన రాతి కన్నాలున్నాయి, కింద నిలబడి పైకి చూడండి.

పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ నడక మానేయాలి. ఎగుడుదిగుడు రాళ్లు, అక్కడక్కడా ఎత్తు మెట్లు. వాళ్లు ఆటోలో విఠలాలయం పార్కింగుకు వెళ్లి, అక్కణ్ణుంచి బ్యాటరీ బండిలో గుడి గుమ్మం దాకా చేరవచ్చు.

తొమ్మిది: విఠలాలయం

ఇక్కడ టికెట్ కొనాలి. భారతీయులకు 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో కొంటే కాస్త తగ్గుతుంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఈ టికెట్ పారేయడమే హంపిలో అందరూ చేసే పొరపాటు. అదే టికెట్ అదే రోజు లోటస్ మహల్ ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ పనికొస్తుంది. ఫోన్‌లో ఫోటో తీసుకున్నది చాలదు, కాగితం జాగ్రత్తగా దాచుకోండి. బ్యాటరీ బండి టికెట్ వేరు.

యాభై రూపాయల నోటు వెనక ఉన్న రాతిరథం ఇదే. ఒకే రాయిలా కనిపిస్తుంది గానీ అతుకులు తెలియకుండా అనేక రాళ్లు కూర్చి కట్టినది. నిజానికిది గరుత్మంతుడి గుడి. దేవుడి ఎదురుగా వాహనం ఉండాలి కదా, ఆ వాహనానికి కట్టిన ఆలయాన్నే రథంలా మలిచారు. ముందున్న ఏనుగుల వెనక పరీక్షగా చూస్తే గుర్రాల తోకలు, వెనక కాళ్లు కనిపిస్తాయి. మొదట ఉన్నవి గుర్రాలే, ఏనుగులను తర్వాత తెచ్చి పెట్టారు. రథం పైన ఇటుకలతో కట్టిన శిఖరం కూడా ఉండేది. 1856లో గ్రీన్‌లా అనే ఆయన తీసిన ఫోటోలో అది స్పష్టంగా ఉంది. ఇప్పుడు రథాన్ని ముట్టుకోనివ్వరు, ఎక్కనివ్వరు.

మహామండపం స్తంభాలు తడితే స్వరాలు పలుకుతాయని అందరికీ తెలుసు. లావుపాటి స్తంభం చుట్టూ సన్నని చిరుస్తంభాలను అదే రాతిలోంచి చెక్కారు. తట్టి తట్టి అవి దెబ్బతిన్నాయి కాబట్టి తట్టడం నిషేధం. లోపలికి వెళ్లనివ్వని రోజులూ ఉంటాయి. ఎవరైనా చాటుగా వాయించి చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. రాయికి తగిలిన దెబ్బ మానదు.

గంట సరిపోతుంది. బయటికి వచ్చాక పార్కింగు దాకా సుమారు కిలోమీటరు. బ్యాటరీ బండి వరస పొడవుగా ఉంటే నడిచేయండి. దారిలో కోనేరు, గుర్రాల శిల్పాలున్న మండపం వస్తాయి, బండిలో వెళ్లేవాళ్లకు అవి కంటికి ఆనవు. ఆటో పార్కింగులో సిద్ధంగా ఉండాలి, ముందే చెప్పాం.

పదిన్నర నుంచి ఒంటిగంట: రాజుల నగరం

ఇక్కడే చాలామంది నిరాశ పడతారు. ఎక్కడ చూసినా పునాదులూ అరుగులే, మేడలేవీ అని. కారణం ఉంది. రాజభవనాలకు రాతి పీఠం మీద చెక్క స్తంభాలు, చెక్క కప్పులు వాడారు. నగరం దోపిడీలో అవి కాలిపోయాయి. పూర్తిగా రాతితోనో, ఇటుకా సున్నంతోనో కట్టినవే నిలిచాయి. ఇది తెలిసి చూస్తే ఆ అరుగుల మీద స్తంభాలు నిలిపిన గుంటలు కూడా కనిపించి, కప్పు ఎక్కడిదాకా ఉండేదో ఊహకు వస్తుంది.

నీడ లేనివి ముందు చూసేయాలి. దారిలో రాణీవాసపు స్నానశాలకు పది నిమిషాలు చాలు. బయట ఏ అలంకారమూ లేని చదరపు గోడ, లోపల మెత్తని సున్నపు పనితో తీర్చిన వసారాలు. తర్వాత మహానవమి దిబ్బ. దసరా తొమ్మిది రోజులూ రాజు కూర్చుని ఉత్సవం చూసిన వేదిక ఇది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్ ఆ ఉత్సవాన్ని కళ్లకు కట్టినట్టు రాశాడు. పైకెక్కి నాలుగు దిక్కులా చూడండి, ఊరి అమరిక అంతా అర్థమవుతుంది. కానీ దిగాక నాలుగు పక్కలా చుట్టి గోడల మీది శిల్పాలు చూడడం మర్చిపోవద్దు: వేట, కుస్తీ, గుర్రాల వర్తకులు, ఒంటెలు.

పక్కనే మెట్ల కోనేరు. 1980లలో తవ్వకాల్లో బయటపడేదాకా అది మట్టి కిందే ఉంది. నల్లరాతి పలకల మీద చెక్కిన గుర్తులు గమనించండి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో కూర్చోవాలో పనివాళ్లు వేసుకున్న లెక్కలవి. ఎక్కడో చెక్కి, ఇక్కడికి తెచ్చి అమర్చారన్నమాట. ఆ కోనేటికి నీళ్లు తెచ్చిన రాతి తూములు దగ్గర్లోనే వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెంట కాస్త దూరం నడిస్తే నీళ్లను ఎంత వాలుతో నడిపించారో తెలుస్తుంది.

హజార రామాలయానికి అరగంట తగ్గకుండా ఇవ్వండి. పదిహేనో శతాబ్దపు ఈ చిన్న గుడి రాజుల సొంత పూజకు కట్టినది. ప్రాకారం బయటి గోడ మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యకత్తెలు వరసలు వరసలుగా సాగుతారు. లోపల గుడి గోడ మీద రామాయణం మూడు వరసల్లో ఉంది. కథ తెలిసినవాళ్లం కాబట్టి గైడు లేకపోయినా పోల్చుకోవచ్చు. పిల్లలకు ఏ ఘట్టమో కనిపెట్టమని వదిలేస్తే అలసట మర్చిపోతారు. మండపంలోని నున్నటి నల్లరాతి స్తంభాలు నాలుగింటి మీద విష్ణువు రూపాలున్నాయి.

పన్నెండింటికి లోటస్ మహల్ ఆవరణలోకి వెళ్లండి. దాచుకున్న టికెట్ ఇక్కడ తీయాలి. ఇక్కడ చెట్లున్నాయి, పచ్చిక ఉంది. మహల్ కమానులు ఒకదాని లోపల ఒకటి ముడుచుకుంటూ పోతాయి. ఆ ముడతల మీది సున్నపు పని దగ్గరగా చూడాల్సినది. వెనక గుమ్మం దాటితే పొడుగ్గా ఏనుగుల శాల: పక్కపక్కనే 11 గదులు, వాటి మీద రకరకాల గుమ్మటాలు. ఆ గదుల లోపలి చల్లదనం మిట్టమధ్యాహ్నం వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

ఒంటిగంట నుంచి మూడున్నర: నీడపట్టున

ఈ వేళ బయట తిరగొద్దు. ఒక్క రోజే కదా అని ఆగకుండా తిరిగినవాళ్లు నాలుగింటికి తలనొప్పితో గదికి వెళ్లిపోతారు, అసలైన సాయంత్రం పోగొట్టుకుంటారు. కమలాపురంలో భోజనం చేసి, కాసేపు కూర్చుని, మ్యూజియానికి వెళ్లండి. అక్కడి నడిమి ఆవరణలో హంపి కొండలు, నది, గుళ్లు అన్నీ చూపించే పెద్ద నమూనా ఉంది. పొద్దుట నుంచి నడిచిన దారి అందులో వేలితో గీసి చూసుకోవచ్చు. అందుకే మ్యూజియం మొదట కాక మధ్యాహ్నం చూడమంటాం. సగం ఊరు చూశాకే ఆ నమూనా అర్థమవుతుంది. కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలూ అక్కడే ఎదురవుతాయి. అసలువి తిరుమలలో ఉన్నాయి, ఇవి వాటి ప్రతిరూపాలు.

శుక్రవారమే వెళ్లక తప్పకపోతే ఈ గంటసేపు ఏనుగుల శాల దగ్గరి చెట్ల కిందే గడిపి, భోజనం ఆలస్యంగా చేయండి.

మూడున్నర నుంచి: రోడ్డు పక్క గుళ్లు

ముందు నేలమట్టానికి దిగువనున్న శివాలయం. గర్భాలయంలో ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లు నిలిచి ఉంటాయి. దిగాలంటే పాంట్లు మడవాల్సిందే. గబ్బిలాల వాసన భరించలేనివాళ్లు పైనుంచి చూసి వచ్చేయవచ్చు.

లక్ష్మీనరసింహుడి విగ్రహం ఎత్తు 6.7 మీటర్లు, ఒకే బండ. 1528లో కృష్ణదేవరాయలు ప్రతిష్ఠ చేయించాడు. ఉగ్రనరసింహుడని పేరు పడిపోయింది గానీ నిజానికి ఒళ్లో లక్ష్మి కూర్చుని ఉండేది. ఆ విగ్రహం ధ్వంసమైంది. స్వామి నడుము చుట్టూ ఉన్న ఆమె చెయ్యి మాత్రం మిగిలింది, పక్కకు జరిగి వెతకండి. ముందు నుంచి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు అది కనబడదు. మోకాళ్లను కలిపే రాతిపట్టీ తర్వాతి కాలపు మరమ్మతు. పక్కనే బడవిలింగం. బడవి అంటే కన్నడలో పేదరాలు. ఒక పేదరాలు చేయించిందని చెప్పుకుంటారు. సుమారు 3 మీటర్ల లింగం, చుట్టూ ఎప్పుడూ నీళ్లే, కాలువ నుంచి వస్తాయి. విజయనగర కాలంలో తవ్విన కాలువలు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. రోడ్డు పక్కన మీరు చూసే అరటితోటలన్నీ ఆ నీళ్లతో పండేవే.

కృష్ణాలయం నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచిన గుర్తుగా కట్టినది. అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి ఎదురుగా రోడ్డు దాటి దిగితే పాత అంగడివీధి, దాని పక్కన కోనేరు ఉన్నాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో ఫోటోలకు ఇంతకంటే మంచి చోటు లేదు. అయినా ఐదింటికల్లా ఇక్కణ్ణుంచి లేవాలి.

ఐదు: హేమకూటం

గుట్ట ఎక్కడానికి రెండు దారులున్నాయి. విరూపాక్షుడి గుడి వైపు నుంచి ఎక్కేది నిటారుగా ఉంటుంది. కృష్ణాలయం వైపు నుంచి, ససివెకాళు గణపతి మీదుగా వెళ్లేది మెల్లని వాలు. పెద్దవాళ్లతో ఉంటే రెండోదే పట్టండి. అదీగాక రెండు గణపతులూ ఆ దారిలోనే తగులుతారు. కడలెకాళు అంటే శనగగింజ, ససివెకాళు అంటే ఆవగింజ. శనగగింజ గణపతి 4.5 మీటర్లు. ఆవగింజ గణపతి 2.4 మీటర్లు, నాలుగువైపులా తెరిచిన మండపంలో ఉంటాడు. దాన్ని 1506లో చంద్రగిరి నుంచి వచ్చిన ఒక వర్తకుడు, గతించిన రాజు నరసింహుడి జ్ఞాపకంగా కట్టించాడు. ఈ గణపతి వెనక్కి వెళ్లి చూస్తే పార్వతి వీపు కనిపిస్తుంది. తల్లి ఒళ్లో కూర్చున్నట్టు చెక్కారు.

పైన మెట్ల మెట్ల శిఖరాలున్న చిన్న గుళ్లను బసదులు, అంటే జైన గుళ్లు, అనుకుంటారు. అవి శివాలయాలు, విజయనగరం కంటే ముందువి కూడా వాటిలో ఉన్నాయి. చలికాలంలో ఆరింటికి, ఎండాకాలంలో ఆరున్నర దాటాక సూర్యాస్తమయం. అరగంట ముందే పైకి చేరి, పడమటి వైపు చదునైన బండ చూసుకుని కూర్చోండి. అంచుల దగ్గర ఫోటోలకు నిలబడొద్దు. నున్నటి వాలు బండ మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆలస్యంగా, తొమ్మిది గంటలకు గానీ హంపి చేరలేకపోతే నది నడకను, రాణీవాసపు స్నానశాలను వదిలేయండి. ఆటోలో నేరుగా విఠలాలయానికి వెళ్లి అక్కణ్ణుంచి ఇదే వరసలో రండి. విరూపాక్షుడి దర్శనం సాయంత్రం హేమకూటం దిగాక పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం గర్భాలయం మూసి ఉంటుంది కాబట్టి ఆ వేళ వెళ్లినా ప్రయోజనం లేదు. ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొంది, 575 మెట్ల అంజనాద్రి, తుంగభద్ర జలాశయం మాత్రం ఈ రోజులో ఇరికించొద్దు. అంజనాద్రి ఒక్కదానికే సగం పూట కావాలి, రోడ్డు చుట్టు తిరిగి నది దాటాలి.

సూర్యుడు దిగాక వెలుతురు ఇరవై, పాతిక నిమిషాలకు మించి ఉండదు. గుట్ట మీద దీపాలు లేవు. జనం కదలడం మొదలవగానే మీరూ టార్చి తీసి, ఎక్కిన దారినే దిగండి. హొసపేటకు బస్సులో వెళ్లేవాళ్లు చివరి బస్సు వేళ పొద్దున దిగినప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోవాలి. అది తప్పిపోతే రాత్రి ఆటో ధర పగటి ధరలా ఉండదు.